సైనికుడు, అకౌంటెంట్, హామ్ రేడియో మనిషి: నాన్నగారి జీవితాన్ని ఎలా రాయాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారు వయసులో ఉండగా సైన్యంలో, సందేశాలు పంపి, అందుకునే సిగ్నల్స్ విభాగంలో పనిచేశారు. బయటికి వచ్చాక రిటైరయ్యేదాకా అకౌంటెంట్. ఈ రెండు ఉద్యోగాల పక్కనే, చివరి నెలల దాకా వదలని హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో పరికరాలతో దూరాల వాళ్లతో మాట్లాడే హాబీ. ఇప్పుడు సంస్మరణ సభలో చదవడానికీ, తర్వాత చిన్న పుస్తకంగా వేయడానికీ ఆయన జీవితం రాయాలి. సైన్యం గురించే ఎక్కువ ఉండాలని మీ తమ్ముడు అంటున్నారు. మీకేమో రేడియో గదిలో కూర్చున్న మనిషే అసలు నాన్న అనిపిస్తోంది. యుద్ధం గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. అకౌంటెంట్ ఉద్యోగంలో రాయడానికేముందో తోచడం లేదు. గదినిండా సామాను, రేడియో సంభాషణలు రాసుకున్న లాగ్‌బుక్కులు, కార్డులు ఉన్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగారు.

చాలా ఏళ్లుగా ఇలాంటి జీవిత వ్యాసాలు రాస్తున్నాను, రాసుకునే కుటుంబాలకు సాయం చేస్తున్నాను. నాకూ హామ్ లైసెన్సు ఉంది. అందుకే మీ ప్రశ్న చూడగానే ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది: దీన్ని మూడు అధ్యాయాలుగా రాయకండి. సైన్యం ఒకటి, ఉద్యోగం ఒకటి, హాబీ ఒకటి అని విడగొడితే ముగ్గురు అపరిచితులు కనిపిస్తారు గానీ మీ నాన్నగారు కనిపించరు. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ మూడు చోట్లా ఆయన చేసిన పని ఒక్కటే. జరిగినదాన్ని జరిగినప్పుడే, జరిగినంతవరకే రాసిపెట్టడం. సిగ్నల్స్‌లో సందేశం అందిన నిమిషాన్ని రాయాలి. లెడ్జర్‌లో ప్రతి ఎంట్రీకి ఒక వోచర్ చూపించాలి. రేడియో లాగ్‌బుక్కులో అవతలి మనిషి ఎంత స్పష్టంగా వినిపించాడో అంకెల్లో వేయాలి. ఈ ఒక్క అలవాటును పట్టుకుంటే మీ తమ్ముడితో తగువు కూడా తీరుతుంది, ఎందుకంటే అప్పుడు ఎవరి భాగమూ తగ్గదు.

రాయడానికి కూర్చోకముందు ఒక పని చేయండి. గది సర్దకండి. బల్ల మీద ఏది ఎక్కడుందో అలాగే ఉంచి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. కుర్చీ ఎత్తు, హెడ్‌ఫోన్ తగిలించిన మేకు, గోడకు అంటించిన ఫ్రీక్వెన్సీల కాగితం, మోర్స్ కీ (చుక్కలు, గీతల సంకేతాలతో సందేశం కొట్టే మీట) పక్కన అరిగిపోయిన బల్ల అంచు, అన్నీ. చాలా ఇళ్లలో మొదట జరిగేది సర్దుడే. బాధలో చేతులకు ఏదో పని కావాలి కాబట్టి అది అర్థమవుతుంది. కానీ సర్దేశాక ఆ గదిని ఎవరూ వర్ణించలేరు.

జాగ్రత్త చెప్పాల్సిన చోటు కూడా ఇదే. పాత వాల్వులతో పనిచేసే పవర్ యాంప్లిఫయర్ ఉంటే దాన్ని మీరు తెరవకండి. లోపల రెండు మూడు వేల వోల్టులు ఉండొచ్చు. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది. యాంటెన్నా స్తంభం ఎక్కే సాహసం కూడా వద్దు. ఆయన స్నేహితుల్లో లైసెన్సు ఉన్న హామ్ ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు, అడగడమే ఆలస్యం. ట్రాన్స్‌మిటర్లు ఎవరి దగ్గర ఉండొచ్చు, ఎవరికి ఇవ్వొచ్చు అన్న నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. ఆ లెక్క కూడా వాళ్లకే తెలుస్తుంది.

ఇక కాగితాలు. ముందు లాగ్‌బుక్కు తీయండి, ఎందుకంటే ఆయన తన చేత్తో రోజూ రాసుకున్నది అదొక్కటే. ఒక వరుసలో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, మోర్సా మాటా అన్న వివరం, అవతలి వ్యక్తి కాల్‌సైన్ (ప్రతి హామ్‌కూ లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), ఇచ్చిన రిపోర్టు, అందుకున్న రిపోర్టు ఉంటాయి. చివర్లో చిన్న గడి, రిమార్కులకు. మొదటిసారి చూసేవాళ్లకు ఇదంతా అంకెల గోడలా ఉంటుంది. కాసేపు ఓపిక పడితే మనిషి కనిపిస్తాడు.

రిపోర్టు అంకెలే చూడండి. మోర్స్ సంభాషణలో మూడు అంకెలు ఇస్తారు. మొదటిది ఎంత స్పష్టంగా అర్థమైందో, 1 నుంచి 5 దాకా. రెండోది సిగ్నల్ బలం, 1 నుంచి 9. మూడోది స్వరం, అంటే వినిపించే బీప్ శబ్దం నాణ్యత, అదీ 1 నుంచి 9. కాబట్టి 599 అంటే అన్నీ పరిపూర్ణం. 339 అంటే సిగ్నల్ బలహీనంగా ఉంది, చాలా కష్టపడి అర్థం చేసుకున్నాను, స్వరం మాత్రం శుభ్రంగా ఉంది అని. వీలైనంత మందితో మాట్లాడే రేడియో పోటీలప్పుడు హడావుడిలో అందరూ అందరికీ 599 ఇచ్చేస్తారు, అది అక్కడి ఆనవాయితీ. కాబట్టి పోటీలు లేని మామూలు రోజుల పేజీలు తీయండి. అక్కడ కూడా వరుసగా 599లే ఉంటే ఆయన మర్యాదస్తుడని అనుకోవచ్చు. 449, 559, 339, 579 అంటూ అంకెలు మారుతూ ఉంటే మాత్రం ఆ మనిషి నిజంగా విన్నాడు, విన్నదే రాశాడు. మీ నాన్నగారి లాగ్‌లో ఇలా ఉంటే సభలో ఆ ఒక్క వరుస చదివి అర్థం చెప్పండి. ‘నిజాయితీపరుడు’ అన్న మాట వాడకుండానే వినేవాళ్లకు ఆ విషయం తెలిసిపోతుంది.

రెండు చోట్ల పొరపాటు పడే ప్రమాదం ఉంది. ఒకటి సమయం. హామ్‌లు లాగ్‌లో సాధారణంగా యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం వేస్తారు, మీ ఊరి సమయం కాదు. సిగ్నల్స్‌లో పనిచేసిన మనిషికి అది కొత్త కాదు, మిలిటరీలో జులూ టైమ్ అనేది కూడా అదే. మీరు దాన్ని స్థానిక సమయంలోకి మార్చుకోవాలి. మార్చినప్పుడు కొన్నిసార్లు తేదీ కూడా ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. ‘చెల్లి పుట్టిన రాత్రి కూడా రేడియో దగ్గరే ఉన్నాడు’ అని రాసేముందు ఈ లెక్క సరిచూసుకోండి.

రెండోది ఖాళీలు. కొన్ని సంవత్సరాల పేజీలు పలచగా ఉంటాయి. వెంటనే దానికొక కారణం కట్టేయకండి. దూరప్రాంతాల సంభాషణకు వాడే పైస్థాయి ఫ్రీక్వెన్సీలు, ముఖ్యంగా 28 మెగాహెర్ట్జ్ దగ్గరివి, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో బాగా పనిచేస్తాయి, తగ్గిన ఏళ్లలో దాదాపు మూగబోతాయి. ఈ చక్రం సుమారు 11 ఏళ్లది. 1996 ప్రాంతంలో, 2008-09లో, 2019లో సూర్యుడు అలా సద్దుమణిగాడు. ఆ ఏళ్లలో ఖాళీ ఉంటే అది ఆయన మనసు కాదు, ఆకాశం. ఈ చక్రానికి సంబంధం లేని ఖాళీలు ఉంటే అప్పుడు అమ్మగారిని అడగండి. ఆర్థిక సంవత్సరం ముగిసే నెలల్లో ఏటా ఖాళీ వస్తుంటే అది ఖాతాలు మూసే పని. ఎప్పుడో ఒకసారి ఆరునెలలు ఖాళీ ఉందంటే అది ఇంటి సంగతి. లాగ్‌ను ఇంటి సంఘటనల పక్కన పెట్టి చూస్తే, మీరు చిన్నప్పుడు గమనించని ఎన్నో విషయాలు బయటపడతాయి.

క్యూఎస్‌ఎల్ కార్డులు, అంటే మాట్లాడిన సంగతిని నిర్ధారిస్తూ హామ్‌లు ఒకరికొకరు పంపుకునే పోస్టుకార్డులు, డబ్బాల కొద్దీ ఉంటాయి. అన్నీ పుస్తకంలో వేయాలన్న ఆశ వద్దు. కనీసం 100 దేశాలు, ప్రాంతాలతో మాట్లాడినట్టు కార్డులతో రుజువు చేస్తే డీఎక్స్‌సీసీ అనే గుర్తింపు ఇస్తారు. ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉంటే ఒక వాక్యం చాలు. వెతకాల్సింది వేరు. ఒకే కాల్‌సైన్ నుంచి ఏళ్ల తరబడి వచ్చిన కార్డులు ఉన్నాయేమో చూడండి. వాటి వెనక చేత్తో రాసిన రెండు ముక్కలు ఉంటాయి: మనవడు పుట్టాడనో, ఆపరేషన్ అయిందనో, కొత్త యాంటెన్నా వేశాననో. ముఖాలు చూసుకోని స్నేహం ఎలా ఉంటుందో ఆ కార్డులు చెబుతాయి. పుస్తకంలో వేయాల్సినవి అవే. మిగతావాటిని పారేయకండి. వియన్నాలోని డోకుఫుంక్ అనే రేడియో పత్రాల భాండాగారం ప్రపంచం నలుమూలల నుంచీ ఇలాంటి కార్డులు సేకరించి భద్రపరుస్తుంది. లాగ్‌బుక్కులను మాత్రం స్కాన్ చేయించి, అసలు ప్రతులు ఇంట్లోనే ఉంచుకోండి.

ఆయన రేడియో స్నేహితులను కదిపేటప్పుడు ‘నాన్న ఎలాంటివారు?’ అని అడగకండి. ‘చాలా మంచివారు’ అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. ‘ఆయన మోర్స్ కొట్టే తీరు ఎలా ఉండేది?’ అని అడగండి. ఒక్కొక్కరి చేతివాటం ఒక్కో రకం. గీత కాస్త సాగదీసేవాళ్లు, అక్షరాల మధ్య ఎడం ఎక్కువిచ్చేవాళ్లు, తమ కాల్‌సైన్‌ను ఒక లయలో కొట్టేవాళ్లు ఉంటారు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల రేడియోలను వినే బ్రిటిష్ శ్రోతలు ఈ చేతివాటాన్ని బట్టే అవతల ఉన్న ఆపరేటర్‌ను గుర్తుపట్టేవారు. మీ నాన్నగారితో ఏళ్ల తరబడి మాట్లాడినవాళ్లు కాల్‌సైన్ వినకముందే ఆయనేనని పోల్చుకుని ఉంటారు. ఆ వర్ణన మీరూ రాయలేరు, మీ తమ్ముడూ రాయలేరు. వాళ్ల మాటల్లోనే తీసుకోండి. ఇంకో చిన్న సంగతి. రేడియో నిబంధనల్లో మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న అంతర్జాతీయ షరతును 2003లో తీసేశారు. ఆ తర్వాత కూడా ఆయన కీ మీదే ఉన్నారంటే అది అవసరం కోసం కాదు, ఇష్టంతో.

సభకు వచ్చినవాళ్లలో సగం మందికి హామ్ రేడియో అంటే ఏమిటో తెలియదు. రెండు వాక్యాల్లో చెప్పేయండి, పాఠం వద్దు. లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా, సొంత పరికరాలతో ప్రపంచంతో మాట్లాడేవాళ్లని చెబితే చాలు. ఇది పిల్లల ఆట అనుకునేవాళ్లు ఉంటే, 1961 డిసెంబర్ 12న హామ్‌లు సొంతంగా తయారు చేసిన ఆస్కార్-1 ఉపగ్రహం అంతరిక్షంలోకి వెళ్లి మోర్స్‌లో ‘హాయ్’ అని పలికిందని ఒక మాట కలపండి. మొట్టమొదటి స్పుత్నిక్ ఎగిరి అప్పటికి నాలుగేళ్లే. స్నేహితులు తమ సందేశాల చివర 73 అని రాస్తారు, అది హామ్‌ల శుభాకాంక్షలు. చనిపోయిన హామ్‌ను వాళ్లు సైలెంట్ కీ అంటారు. అచ్చులో ఇవి వస్తే పక్కన చిన్న వివరణ ఇవ్వండి.

అకౌంటెంట్ జీవితంలో రాయడానికేముందన్నారు. చాలా ఉంది, కాకపోతే అది డిగ్రీల్లోనూ హోదాల్లోనూ ఉండదు. ఆయనతో పనిచేసిన ఒకరిని పట్టుకుని, లెక్క కుదరని ఒక సాయంత్రం గురించి అడగండి. ఖాతాలన్నిటినీ ఒకచోట వేసి సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలవకపోతే పాతతరం అకౌంటెంట్లు ముందు ఆ తేడా 9తో భాగించబడుతుందా అని చూసేవారు. భాగించబడితే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,730కి బదులు 5,370 అని పడితే తేడా 360, అది 9కి నలభై రెట్లు. అలా కాకపోతే తేడాను సగం చేసి, ఆ సగం మొత్తం ఉన్న ఎంట్రీ కోసం వెతికేవారు, ఎందుకంటే డెబిట్‌లో వేయాల్సింది క్రెడిట్‌లో వేస్తే తేడా రెట్టింపుగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ వెతుకులాట చాలావరకు పోయింది. చిన్న తేడాయే కదా, తేలని మొత్తాలు పెట్టే సస్పెన్స్ ఖాతాలో పడేసి ఇంటికి వెళ్దాం అనే తోటివాళ్ల మధ్య కూర్చుని ఆ తేడాను పట్టుకునేదాకా లేవని మనిషి గురించి రాయడానికి లేకపోవడమేమిటి? రాత్రి రెండింటికి మూడు అంకెల రిపోర్టు తప్పు వేయకూడదనుకున్న మనిషీ, ఈ మనిషీ ఒకరే. మీ వ్యాసంలో ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టండి, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఉద్యోగంలో ఆయన ఏదైనా సంతకం పెట్టనని నిరాకరించిన సందర్భం మీకు తెలిసి ఉండొచ్చు. ఇలాంటి కథలు చెప్పాలని అందరికీ ఉంటుంది. చెప్పండి, కానీ అవతలి కంపెనీ పేరు, మనుషుల పేర్లు వద్దు. ఖాతాదారుల రహస్యాలను జీవితాంతం కాపాడిన మనిషి సంస్మరణలో వాటిని బయటపెట్టడం ఆయన ఒప్పుకునే పని కాదు.

ఇప్పుడు సైన్యం. కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆయన చెప్పలేదు కాబట్టి మనమే ఊహించి నింపుదామనిపిస్తుంది. సినిమాలో చూసిన యుద్ధం ఆయన జీవితంలోకి వచ్చేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కాగితం ఏది చెబుతుందో అంతే రాయండి. డిశ్చార్జి పత్రం, సర్వీస్ రికార్డు, పోస్టింగుల జాబితా, ఫొటోల వెనక రాసిన తేదీలు, యూనిట్ పేర్లు చూడండి. పతకాలుంటే ఒక్కొక్కటి దేనికిచ్చారో తెలుసుకోండి. ఫలానా యుద్ధకాలంలో ఫలానా ప్రాంతంలో పనిచేసినందుకు ఆ దళాలందరికీ ఇచ్చే పతకం వేరు, ఇన్నేళ్ల సేవకు ఇచ్చేది వేరు, ఒక వ్యక్తి చూపిన సాహసానికి ఇచ్చేది వేరు. మొదటిదాన్ని మూడోదిగా రాస్తే, సభలో కూర్చున్న మాజీ సైనికులు ఒక్క చూపులో పసిగడతారు. ఉన్నది ఉన్నట్టు రాయడమే ఆయనకు గౌరవం. ఆయన అక్కడ ఉన్నారు, తన పని తాను చేశారు. అది తక్కువ మాట కాదు.

ఆయన మౌనం గురించి కూడా రాయొచ్చు, దాచాల్సిన అవసరం లేదు. ‘ఆ ఏళ్ల గురించి నాన్న మాకు చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు’ అన్న ఒక్క వాక్యం ఊహించి రాసిన పేజీకన్నా బరువుగా ఉంటుంది. ఆయనతో పనిచేసినవాళ్లు దొరికితే, వాళ్లనూ యుద్ధం గురించి నేరుగా అడగకండి. సిగ్నల్ సెంటర్లో ఒక షిఫ్ట్ ఎలా గడిచేదో అడగండి. నిద్ర, చలి, సరిగా వినిపించని సందేశాన్ని మళ్లీ పంపమని అడగడం, ఒక్క అంకె తప్పుపోతే ఏమవుతుందోనన్న టెన్షన్, ఇవన్నీ చెబుతారు. అక్కణ్ణుంచి మాట ఎటు వెళ్లినా వెళ్లనివ్వండి. ఆగిపోతే ఆగిపోనివ్వండి.

అమ్మగారి మాట లేకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. ఇంత గాఢమైన హాబీకి ఇంట్లో ఎవరో ఒకరు సమయం రూపంలో మూల్యం చెల్లిస్తారు. ఆయన ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు టీవీలో గీతలు పడి పక్కింటివాళ్లు తలుపు తట్టిన రోజులు, ఎక్కడికైనా వెళ్దామనుకున్న సాయంత్రం బ్యాండ్ బాగా తెరుచుకుందని, అంటే దూరాల సిగ్నళ్లు బాగా అందుతున్నాయని కుర్చీలోంచి లేవని రోజులు ఉండే ఉంటాయి. అమ్మగారు అనుమతిస్తే ఒకటి రాయండి. కోపం ఉంటే ఆ కోపంతో సహా రాయండి. అందరూ పొగిడే వ్యాసంలో ఆ ఒక్క పేరా దగ్గర జనం నిజంగా తల ఊపుతారు, ఎందుకంటే అప్పుడే ఆయన తమకు తెలిసిన మనిషిలా కనిపిస్తారు.

మొదటి వాక్యంలోనే పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు పెట్టకండి. అవి పుస్తకం మొదటి పేజీలో విడిగా ఉండొచ్చు. సభలో చదివేదానికి ఇలా మొదలుపెట్టి చూడండి: ‘నాన్న లాగ్‌బుక్కులో చివరి పుస్తకం సగం వరకే నిండింది. అందులో ఒక రాత్రి ఆయన ఎవరికో 339 అని రిపోర్టు ఇచ్చారు. అంటే ఆ మాట సరిగా వినిపించడం లేదు, అయినా ఆయన వదిలిపెట్టలేదు. సైన్యంలో కుర్రవాడిగా హెడ్‌ఫోన్ పెట్టుకున్న రోజు నుంచి ఆయన చేసింది ఇదే.’ ఇక్కణ్ణుంచి వెనక్కి సైన్యంలోకి వెళ్లొచ్చు, పక్కకు లెడ్జర్లలోకి వెళ్లొచ్చు, మళ్లీ గదిలోకి రావచ్చు. ఇది నమూనా మాత్రమే. అంకెలు మీ నాన్నగారి పుస్తకంలోవే వేయండి, లేనివి వేయకండి.

చదివేది ఎనిమిది నిమిషాలు దాటకుండా చూసుకోండి. దుఃఖంలో గొంతు ఆగుతుంది, ఎనిమిది నిమిషాలు పన్నెండవుతాయి. పైకి చదివి టైమ్ చూసుకుని, ఎక్కువైతే ముందు విశేషణాలు తీసేయండి. ‘మహోన్నత’, ‘అజాతశత్రువు’, ‘నిగర్వి’ లాంటివి ఎవరికైనా సరిపోతాయి కాబట్టి ఆయనకు ప్రత్యేకంగా అక్కర్లేదు. రాసినదాన్ని ముగ్గురికి చూపించండి: ఒక హామ్‌కు, ఒక పాత సహోద్యోగికి, సైన్యంలో పనిచేసిన ఒకరికి. కాల్‌సైన్‌లో ఒక అక్షరం తప్పినా, యూనిట్ పేరు పొరపాటుగా పడినా వాళ్లే పట్టుకుంటారు.

తమ్ముడికి సైన్యం కాగితాల బాధ్యత పూర్తిగా అప్పగించండి. అది ఆయన మనసుకు దగ్గరి విషయం కాబట్టి శ్రద్ధగా చేస్తారు. ఇంట్లో ఉన్న పత్రాలు ప్రతి ఒక్కటీ ముందు స్కాన్ చేయమనండి. ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంటాయిలే అనుకోవద్దు. 1973 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డుల కేంద్రం తగలబడినప్పుడు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల మంది ఫైళ్లు పోయాయి. ఆ తర్వాత చాలా కుటుంబాలకు ఇంట్లోని డిశ్చార్జి కాగితమే ఆధారమైంది. ఇంట్లో లేనివాటికి మీ దేశపు సైనిక రికార్డుల కార్యాలయానికి దగ్గరి బంధువుగా దరఖాస్తు పెట్టొచ్చు. మరణ ధ్రువపత్రం, సర్వీస్ నంబరు దగ్గర పెట్టుకుని ఈ వారంలోనే పంపించమనండి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. సభకు అందకపోయినా పుస్తకం వేళకు అందుతుంది.